మెరైన్ ట్యాంకుకి టెస్ట్ కిట్లు: ముందు ఏవి కొనాలి, ఏవి ఆగొచ్చు

మీ ప్రశ్న మొత్తం చదివాను. మియాపూర్‌లో 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు పెడుతున్నారు. మంచినీటి చేపలు ఐదేళ్లుగా పెంచుతున్నారు. ఇప్పుడు రెండు క్లౌన్ ఫిష్‌తో మొదలుపెట్టి, ఆర్నెల్ల తర్వాత సాఫ్ట్ కోరల్స్ (రాతి గూడు కట్టని మెత్తటి పగడాలు) పెడదామనుకుంటున్నారు. షాపాయన తొమ్మిది పరీక్షలున్న పెద్ద పెట్టె తీసుకోమంటున్నాడు. పాత మంచినీటి కిట్టు పనికొస్తుందా, నీటిలో ముంచి రంగు చూసే స్ట్రిప్పులు సరిపోవా, డిజిటల్ మీటరు అవసరమా అని మీ సందేహాలు.

నేను విశాఖలో పద్నాలుగేళ్లుగా ఉప్పునీటి ట్యాంకులు నడుపుతున్నాను. సగం కూడా వాడకుండానే డేట్ అయిపోయి పారేసిన కిట్లు ఒక అట్టపెట్టెడు ఉంటాయి. ఆ డబ్బు పోయాక పట్టుబడిన పద్ధతి ఒకటుంది. ఏ కిట్టు చేతిలోకి తీసుకున్నా, "ఈ అంకె తేడాగా వస్తే ఇవాళ రాత్రి నేను చేసేదేంటి?" అని నన్ను నేను అడుగుతాను. అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) వస్తే పరుగెత్తి నీళ్లు మారుస్తాను. అంటే ఆ కిట్టు కావాలి. స్ట్రాన్షియం తక్కువ వస్తే ఏం చేస్తాను? ఏమీ చేయను, టీ తాగి పడుకుంటాను. అది షాపులోనే ఉండనివ్వండి. మీ షాపాయన చూపించిన తొమ్మిదిలో మొదటి మూడు నెలల్లో మీకు పనిచేసేవి రెండో మూడో. మిగతావి మీకు అవసరం వచ్చేసరికి వాటి గడువు దగ్గరపడుతుంది.

ఇంకో మాట. మొదట కొనాల్సినది అసలు సీసాల కిట్టే కాదు, రిఫ్రాక్టోమీటర్. నీటి చుక్క వెలుగును ఎంత వంచుతుందో చూసి ఉప్పు ఎంతుందో చెప్పే పరికరం. మంచినీటి నుంచి వచ్చినవాళ్లు అమ్మోనియా గురించి అడుగుతారు గానీ ఉప్పు కొలత గురించి అడగరు, ఎందుకంటే ఇన్నాళ్లూ దాంతో పని పడలేదు. సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు 35 పీపీటీ, అంటే కిలో నీటికి 35 గ్రాములు. స్పెసిఫిక్ గ్రావిటీలో (మంచినీటితో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో ఆ లెక్కలో) చెబితే 25 డిగ్రీల దగ్గర 1.026. ముల్లు తిరిగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్లు చవగ్గా దొరుకుతాయి. వాటి ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకుంటే ఎక్కువ చూపిస్తుంది, ఉప్పు పేరుకుంటే తక్కువ చూపిస్తుంది. నా మొదటి ట్యాంకుకి అదే వాడాను. ముల్లు కడగక తక్కువ చూపిస్తుంటే ఉప్పు కలుపుకుంటూ పోయాను. తర్వాత స్నేహితుడి రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే 40 దగ్గరుంది. ఆ చేపలు ఎలా తట్టుకున్నాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

రిఫ్రాక్టోమీటర్ కొన్నాక అందరూ చేసే పొరపాటు, ఆర్వో నీటి చుక్కతో సున్నాకి సరిచేసి ఊరుకోవడం. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర రెండు అంకెలు తప్పొచ్చు. పైగా చవక రిఫ్రాక్టోమీటర్లు చాలావరకు మామూలు ఉప్పునీటి కోసం తయారైనవి. సముద్రపు నీటిలో మెగ్నీషియం, సల్ఫేట్ లాంటివి కూడా ఉంటాయి కాబట్టి అది వెలుగును కొంచెం వేరుగా వంచుతుంది. అందుకే 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం ఒక చిన్న సీసా కొనండి. దొరక్కపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. పొడిగా ఉన్న ఉప్పు 36.5 గ్రాములు, ఆర్వో నీళ్లు 963.5 గ్రాములు తూకం వేసి కలిపితే, రిఫ్రాక్టోమీటర్ కంటికి అది 35 పీపీటీ సముద్రపు నీరులాగే కనిపిస్తుంది. నీళ్లు కూడా తూకమే వేయాలి, గ్లాసుతో కొలవొద్దు. చుక్క వేశాక మూత వేసి అర నిమిషం ఆగి చూడండి. చూసిన ప్రతిసారీ గాజును ఆర్వో నీటితో కడిగి తుడవండి.

ఇదంతా ఎందుకంటే మీ ట్యాంకు నిండా పోస్తే 190 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోను 160 లీటర్లు అనుకుందాం. హైదరాబాద్ ఎండాకాలంలో ఫ్యాన్ పెట్టి చల్లబరిస్తే రోజుకి మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోవచ్చు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. నాలుగు లీటర్లు తగ్గితే 35 కాస్తా 35.9 అవుతుంది. రెండ్రోజులు ఊరెళ్లి వస్తే 37కి చేరువలో ఉంటుంది. తగ్గిన నీటికి ఉప్పు లేని ఆర్వో నీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే ఇంకా పెరుగుతుంది. మొదటి నెలలో ఇది చాలామందికి తికమకగా ఉంటుంది.

మా ఊళ్లో అయితే సముద్రం పక్కనే కదా, క్యాన్లలో తెచ్చుకుంటే పోలా అనుకుంటారు. నేనూ ఋషికొండ దగ్గర తెచ్చేవాణ్ని. ఎండాకాలంలో బాగానే ఉండేది. ఒక అక్టోబరులో తెచ్చి చూస్తే 28 చూపించింది. మీటరు పాడైందనుకుని మళ్లీ సరిచేశాను, మళ్లీ 28. వానలకి నదుల వరదంతా వచ్చి బంగాళాఖాతం పైపొరలో కలుస్తుంది, అందుకే వానాకాలం తర్వాత తీరం దగ్గర ఉప్పు పడిపోతుంది. చూసుకోకుండా పోసి ఉంటే ట్యాంకుకి పెద్ద దెబ్బ. మీకు ఈ గొడవ లేదు, సాల్ట్ మిక్స్ కలుపుకుంటారు. కానీ ఈ పేజీ చదివే కాకినాడ, నెల్లూరు వాళ్లు గుర్తుపెట్టుకోండి.

రెండోది టీడీఎస్ మీటరు, నీటిలో కరిగి ఉన్న లవణాలను కొలిచేది. పెన్నులాంటిది, చవక. మీరు ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు వాడతానన్నారు. అక్కడ ఆగండి. మన ఇళ్లలోని ఆర్వో మెషిన్లలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. నీళ్లు మరీ చప్పగా ఉండకుండా, వడకట్టని నీరు కొంచెం వెనక్కి కలుపుతుంది. అందుకే కుళాయి దగ్గర కొలిస్తే 60, 80, ఒక్కోసారి 100 పైన వస్తుంది. తాగడానికి మంచిదే. ట్యాంకుకి మాత్రం ఆ 80లో ఏముందో మీకు తెలియదు. బోరు నీళ్లయితే నైట్రేట్ ఉండొచ్చు. ఇక ఈమధ్య రాగి కలిపే కార్ట్రిడ్జ్‌తో మెషిన్లు వస్తున్నాయి. మనిషి ఒంటికి రాగి మంచిదేమో గానీ రొయ్యలు, నత్తలు, కోరల్స్ కొద్దిపాటి రాగికే చస్తాయి. అమ్మమ్మ రాగి బిందెలో పట్టిపెట్టిన నీళ్లు కూడా అంతే, ట్యాంకు వైపు రానివ్వకండి. ఆర్వో పొర నుంచి నేరుగా పైపు తీసి, చివర డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) గొట్టం తగిలించి, మీటరు 0 చూపించే నీళ్లు వాడండి. అది 2, 3 చూపించడం మొదలైతే రెసిన్ మార్చే రోజు వచ్చిందన్నమాట.

ఇక సీసాల కిట్లు. మొదటి నెలన్నరలో మీకు ముఖ్యంగా కావలసింది అమ్మోనియా. మంచినీటిలో మీరు దీన్ని తేలిగ్గా తీసుకుని బయటపడి ఉండొచ్చు. ఇక్కడ కుదరదు. అమ్మోనియాకి రెండు రూపాలు, ఒకటి చేపను పెద్దగా బాధించదు, ఒకటి చంపుతుంది. నీటి పీహెచ్ ఒక పాయింటు పెరిగితే ఆ చంపే రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. మీ మంచినీటి ట్యాంకు 7 దగ్గర ఉండి ఉంటుంది, ఇది 8.2 దగ్గర ఉంటుంది. అక్కడ 0.5 చూసి రేపు చూద్దాంలే అనుకున్నారేమో, ఇక్కడ 0.5 వస్తే అదే రోజు నీళ్లు మార్చాలి.

చేపలు వేయకముందే సైకిల్ పూర్తి చేయండి, అంటే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో స్థిరపడాలి. అమ్మోనియం క్లోరైడ్‌తో 2 పీపీఎం దాకా తెచ్చి, రెండు మూడు రోజులకోసారి కొలుస్తూ ఉండండి. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. 2 పీపీఎం వేసిన 24 గంటలకి అమ్మోనియా, నైట్రైట్ రెండూ కనబడకపోతే సైకిల్ అయినట్టు. ఆ తర్వాత అమ్మోనియా కిట్టుతో రోజువారీ పని ఉండదు. చేప చచ్చి రాళ్ల వెనక దొరకనప్పుడు, కరెంటు గంటల తరబడి పోయినప్పుడు, కొత్త చేప వేసిన మొదటి వారం, అంతే.

దీంట్లో అందరినీ టెన్షన్ పెట్టేది 0.25. సైకిల్ అయిపోయినా ట్యూబులో రంగు పూర్తి పసుపుగా రాదు, ఉందా లేదా అన్నట్టు లేత ఆకుపచ్చ తేలుతుంది. ఉప్పునీటిలో ఈ అనుమానం ఇంకా ఎక్కువ. దీనికి నేను చేసేది చెబుతాను. రెండు ట్యూబులు పక్కపక్కన పెడతాను. ఒకదాంట్లో ట్యాంకు నీరు, రెండోదాంట్లో ఆర్వో నీరు. రెండింట్లో ఒకేసారి, ఒకే లెక్కలో చుక్కలు వేస్తాను. కిట్టు చెప్పిన సమయం అయ్యాక తెల్ల కాగితం మీద పెట్టి కిటికీ దగ్గర పై నుంచి చూస్తాను. రెండూ ఒకే రంగులో ఉంటే ఆ లేత ఆకుపచ్చ కిట్టు గుణం, ట్యాంకు తప్పు కాదు. ట్యాంకు ట్యూబు ముదురుగా ఉంటే నిజంగానే ఉంది. కొన్ని సాల్ట్ మిక్సుల్లో కూడా పిసరంత అమ్మోనియా ఉంటుంది, కాబట్టి అనుమానం తీరకపోతే అప్పుడే కలిపిన ఉప్పునీటిని కూడా ఒకసారి చూడండి. కార్డుతో పోల్చడం కంటే ఇలా పక్కన ఇంకో ట్యూబు పెట్టుకుని పోల్చడం వందరెట్లు నయం.

ట్యాంకు దగ్గర నీలం ఎల్ఈడీ వెలుగులో మాత్రం రంగులు చూడకండి. ఆ వెలుతురులో పసుపు కూడా ఆకుపచ్చగానే కనిపిస్తుంది.

ప్రైమ్ లాంటి క్లోరిన్ పోగొట్టే మందు వాడితే ఇంకో సంగతి. అది అమ్మోనియాను తీసేయదు, కొన్ని గంటలు కట్టిపెడుతుందని చెబుతారు. రెండు సీసాలుండే సాలిసిలేట్ పద్ధతి కిట్టు మొత్తం అమ్మోనియాను చూపిస్తుంది కాబట్టి మందు వేసినా అంకె తగ్గదు. ఒకే సీసా ఉండే పాత నెస్లర్ పద్ధతి కిట్టయితే ఈ మందు వల్ల తప్పుడు రంగు చూపిస్తుంది, పైగా అందులో పాదరసం ఉంటుంది. కొనేటప్పుడు సాలిసిలేట్ పద్ధతిదే తీసుకోండి.

నైట్రైట్ గురించి ఎక్కువ చెప్పను. మంచినీటిలో అది హంతకి. సముద్రపు నీటిలో క్లోరైడ్ బోలెడంత ఉండటంతో చేప మొప్పల్లోకి అంత సులువుగా చేరదు. సైకిల్ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి పనికొస్తుంది, తర్వాత పెట్టెలో పడుంటుంది. విడిగా కొనకండి, అమ్మోనియాతో కలిసి వచ్చేది చాలు.

మీ పాత కిట్టు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అది ఏపీఐ కంపెనీ మంచినీటి మాస్టర్ కిట్టయితే అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ సీసాలు ఉప్పునీటికీ పనిచేస్తాయి. కాకపోతే ఉప్పునీటి రంగుల కార్డుతో చూడాలి, మంచినీటి కార్డుతో కాదు. సీసా మీద తేదీ చూసుకోండి, ఐదేళ్ల నాటివైతే మొహమాటం లేకుండా పారేయండి. తక్కువ పీహెచ్ సీసా 7.6 దాకానే చూపిస్తుంది, దాంతో పని లేదు. వేరే కంపెనీదైతే డబ్బా మీద సాల్ట్‌వాటర్ అనో మెరైన్ అనో రాసి ఉందేమో చూడండి, లేకపోతే నమ్మకండి. జీహెచ్ (నీటి కాఠిన్యం) కిట్టును మాత్రం ఈ ట్యాంకు దగ్గరికి తీసుకురాకండి. చుక్కకి ఒక డిగ్రీ చొప్పున లెక్కపెట్టడం మొదలుపెడితే 350 చుక్కలు దాటినా రంగు మారదు, సీసా అయిపోతుంది. మా బావమరిది ఒకసారి సరదాగా 60 దాకా లెక్కపెట్టి వదిలేశాడు.

నైట్రేట్ కిట్టు సైకిల్ చివర్లో కొంటే చాలు. దీంట్లో నేను మోసపోయిన తీరు చెబుతాను. ఒక ఏడాది ట్యాంకు రాళ్ల మీద నాచు జుట్టులా వేలాడుతోంది. నైట్రేట్ చూస్తే ఎప్పుడూ 5. మేత తగ్గించాను, లైటు తగ్గించాను, నాచు తగ్గలేదు. ఒక స్నేహితుడు వచ్చి నేను టెస్ట్ చేస్తుంటే చూసి, ఏమీ అనకుండా రెండో సీసా నా చేతిలోంచి తీసుకున్నాడు. దాన్ని బల్ల అంచుకి నాలుగు దెబ్బలు కొట్టి, అర నిమిషం గట్టిగా ఊపాడు. సీసా అడుగున సుద్దలా పేరుకున్నది ఏదో కదిలిన చప్పుడైంది. తర్వాత చుక్కలు వేసి ట్యూబును నిమిషం పాటు ఊపి పక్కన పెట్టాడు. అయిదు నిమిషాల తర్వాత అది నారింజ కాదు, కుంకుమ ఎరుపు. 80 పైనే. కాగితం మీద అర నిమిషం ఊపమని స్పష్టంగా రాసుంది. నేను మొదటిసారి చదివి, రెండోసారి నుంచి చదవడం మానేశాను. తప్పు కిట్టుది కాదు.

అలాగే సైకిల్ మధ్యలో, నైట్రైట్ ఇంకా ఉండగా నైట్రేట్ చూడటం దండగ. ఈ కిట్లు నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి ఆ రంగునే చదువుతాయి. అప్పటికే నీటిలో నైట్రైట్ ఉంటే అంకె అమాంతం పెరిగి కనిపిస్తుంది, మీకు అనవసరంగా గుండె దడ. చేపలు మాత్రమే ఉన్నంతకాలం 40 లోపు ఉంటే చాలు. సాఫ్ట్ కోరల్స్ వచ్చాక 2 నుంచి 10 మధ్య చూసుకోండి. సున్నా కావాలని వెంటపడకండి, దాని సంగతి కింద చెబుతాను.

స్ట్రిప్పులు? మంచినీటిలో రఫ్‌గా చూసుకోవడానికి సరే. నైట్రేట్ గడి 20 నుంచి 40కి, 40 నుంచి 80కి దూకుతుంది. మీరేమో 5కీ 15కీ తేడా తెలుసుకోవాలనుకుంటున్నారు. పైగా మన తేమకి డబ్బా రెండుసార్లు తెరిచేసరికి రంగులు అటూ ఇటూ అవుతాయి. వాటి డబ్బుతో కాలిబ్రేషన్ ద్రావణం వస్తుంది.

పీహెచ్ కిట్టు కూడా నేను చెప్పను. తెల్లవారుజామున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉంటుంది, అది మామూలే. హైదరాబాద్ ఎండాకాలంలో తలుపులు మూసి ఏసీ వేసుకుని నలుగురు ఒకే గదిలో ఉంటే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి 8.2 కాస్తా 7.9కి దిగుతుంది. దాన్ని చూసి పీహెచ్ పెంచే మందు పోస్తే అసలు జబ్బు అప్పుడు మొదలవుతుంది. కిటికీ తెరిస్తే సరిపోయే దానికి మందు ఎందుకు? పీహెచ్ చూసి నేను చేసే పని ఇంకేం లేదు, కాబట్టి ఆ కిట్టూ లేదు. కాంబోలో వస్తే రానివ్వండి.

కోరల్స్ పెట్టే ముందు తప్పనిసరిగా కొనాల్సింది ఆల్కలినిటీ కిట్టు, అంటే కేహెచ్. నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి ఎంతుందో చూపిస్తుంది. నన్ను ఒకే ఒక్క కిట్టు ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను. సముద్రంలో ఇది 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే డిగ్రీ) దగ్గర ఉంటుంది. ట్యాంకుల్లో 7 నుంచి 10 మధ్య ఎక్కడ పెట్టుకున్నా ఫర్వాలేదు, కానీ పెట్టుకున్న చోటే నిలవాలి. వారంలో 7 నుంచి 10కి, మళ్లీ 7కి ఊగితే కోరల్స్ ముడుచుకుంటాయి. సాల్ట్ మిక్సులు కూడా ఒకటి 8లో, ఇంకోటి 12లో వస్తాయి. మీరు కొన్న ఉప్పు కలిపి ముందు దాన్నే కొలవండి. ట్యాంకు 8లో ఉంటే 12 వచ్చే ఉప్పుతో నీళ్లు మార్చిన ప్రతిసారీ దాన్ని కుదిపినట్టే.

దీన్ని కొలవడం చుక్కల లెక్క. నీటిలో ఇండికేటర్ వేసి, రంగు మారేదాకా ఒక్కో చుక్కా వేయాలి. సీసా నిటారుగా పట్టుకోండి, వాలిస్తే చుక్క సైజు మారుతుంది. రంగు మారిందనిపించాక ఇంకో చుక్క వేయండి, ఆ చుక్కకి మార్పు లేకపోతే ముందు చుక్కే లెక్క. చుక్కకి 1 డీకేహెచ్ లెక్కన చూపించే చవక కిట్టయితే 5 ఎంఎల్ బదులు 10 ఎంఎల్ నీళ్లు తీసుకోండి, అప్పుడు చుక్కకి అర డిగ్రీ అవుతుంది. సిరంజితో వేసే సాలిఫర్ట్ లాంటివైతే ఇంకా సన్నగా చూపిస్తాయి. ఎప్పుడు కొలిచినా ఒకే వేళకి కొలవండి.

గడువు దాటిన కేహెచ్ కిట్టుతో నేను చేసిన నిర్వాకం ఒకటుంది. 5 చూపించింది. కంగారుపడి వంట సోడా కలిపి పోశాను, మర్నాడు మళ్లీ కొంచెం. మీ 160 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి 5 గ్రాములలోపు వంట సోడా చాలు, అంటే చెంచాడు. నాకది అప్పుడు తెలియదు. వారానికి హీటరు మీద సున్నం వేసినట్టు తెల్లటి పూత, మోటారు గరగరమని చప్పుడు. కొత్త కిట్టు తెచ్చి చూస్తే 14. అప్పటినుంచి తేడాగా వచ్చిన అంకెను రెండోసారి కొలవకుండా, వీలైతే ఇంకో కిట్టుతో చూడకుండా ట్యాంకులో ఏమీ పోయను. పోసినా రోజుకి ఒక డీకేహెచ్ మించి పెంచను.

ఆ ఇంకో కిట్టు ఎక్కడ అంటారా? మా బావమరిది భీమవరం దగ్గర వనామీ రొయ్యలు సాగు చేస్తాడు. అక్కడ ఆక్వా ల్యాబుల్లో చెరువు నీళ్లకి రోజూ చేసేవి ఈ పరీక్షలే: ఉప్పు, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, కాల్షియం, మెగ్నీషియం. "బావా, లక్షల రొయ్యలకి నేను ఒకసారి చూపిస్తాను, రెండు చేపలకి నువ్వు మూడుసార్లా?" అని నవ్వుతాడు గానీ నా సీసా నీళ్లు కూడా ల్యాబులో ఇస్తాడు. వాళ్లు ఆల్కలినిటీని పీపీఎంలో రాస్తారు. దాన్ని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. 130 అని రాస్తే 7.3 అన్నమాట. గోదావరి జిల్లాల వాళ్లకి, నెల్లూరు వాళ్లకి ఈ సదుపాయం చేతిలోనే ఉంది. రిపోర్టులో నైట్రేట్ నైట్రోజన్‌గా రాశారా, నైట్రేట్‌గానే రాశారా అడగండి. నైట్రోజన్‌గా రాస్తే 4.4తో గుణించాలి, లేకపోతే 10ని 2 అనుకుని సంబరపడతారు.

ఇక కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం ఉండాలి. సాఫ్ట్ కోరల్స్‌తో ఆగేవాళ్లకి వారానికి పది శాతం నీళ్లు మారిస్తే ఇవి వాటంతటవే సర్దుకుంటాయి. ఎముకలాంటి గూడు కట్టే రాతి పగడాలకే ఈ రెండు కిట్లూ నిజంగా అవసరం. మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసినవి ఎవరైనా చాటుగా అమ్మబోతే కొనకండి, సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి కూడా. అలా చూసినా ఈ కిట్లకి ఇప్పుడు తొందర లేదు.

డిజిటల్‌కి డబ్బు పెట్టాలంటే ఫాస్ఫేట్ దగ్గర పెట్టండి. కోరల్స్ ఉన్న ట్యాంకులో అది 0.03కీ 0.1కీ మధ్య ఉండాలి. చుక్కల కిట్టులో ఈ రెండూ దాదాపు ఒకే లేత నీలం. నా కంటికి తేడా తెలియదు, మీ కంటికీ తెలియదు. రంగును తనే చదివి అంకె చూపించే హానా చెకర్ లాంటి చిన్న మెషిన్ ఇక్కడ పనికొస్తుంది. రెండు రకాలున్నాయి, ఒకటి నేరుగా ఫాస్ఫేట్ చూపిస్తుంది, ఇంకోటి ఫాస్ఫరస్‌ను పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. రెండోదైతే వచ్చిన అంకెను 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. 20 వస్తే 0.06. గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా, లోపల బుడగ ఉన్నా అంకె మారిపోతుంది, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాలి. కొనేముందు దాని పొడి ప్యాకెట్లు మీ షాపులో ఎప్పుడూ దొరుకుతాయా అని అడగండి. మెషిన్ ఒకసారి కొంటాం, ప్యాకెట్లు ఎప్పుడూ కొంటూనే ఉండాలి. ప్యాకెట్లు దొరక్క అల్మరాలో పడున్న మెషిన్లు నాకు తెలిసినవాళ్ల ఇళ్లలో రెండున్నాయి.

ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నా అయితే ట్యాంకు శుభ్రంగా ఉన్నట్టు కాదు. గోధుమరంగు జిగురు, బుడగలతో తీగలు తీగలుగా ఇసుక మీద పరుచుకుంటుంది. డైనోఫ్లాజెలేట్లు అంటారు. అవి వస్తే వదిలించుకోవడం నాచు కంటే కష్టం. ఇంకోపక్క, నాచు గుబురుగా ఉండి కిట్టు సున్నా చూపిస్తే మోసపోకండి, ఉన్నదంతా నాచే తినేస్తోంది.

రాగి కిట్టు ప్రత్యేకం. కొత్త చేపకి తెల్లమచ్చల జబ్బు వచ్చి విడి ట్యాంకులో రాగి మందు వేయాల్సి వస్తే, మందు మోతాదుకీ విషానికీ మధ్య సందు చాలా తక్కువ. అప్పుడు అందాజుగా పోయకూడదు. మీరు కొన్న మందుకి సరిపోయే కిట్టు కొనాలి, అన్ని రాగి మందులనూ అన్ని కిట్లూ చదవలేవు. చేపల్ని విడిగా పెట్టే అలవాటు ఉంటేనే కొనండి. లేకపోతే ముందు ఆ అలవాటు చేసుకోండి.

ఇక కొనేటప్పుడు. ఇవన్నీ ఎక్కువగా దిగుమతి సరుకు, షాపులో ఎన్నాళ్లున్నాయో చెప్పలేం. డబ్బా మీద కాదు, తెరిపించి సీసా మీద తేదీ చూడండి. తగ్గింపు ధర అంటే గడువు దగ్గరపడిందేమో అని అనుమానించండి. ఇంటికి తెచ్చాక సీసా మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాయండి. ట్యాంకు కింద క్యాబినెట్‌లో పెట్టొద్దు, అక్కడ తేమ. కారులో అసలే వద్దు. బెడ్‌రూమ్ అల్మరా మంచిది, పిల్లలకి అందని అరలో. కొన్ని సీసాల్లో ఆమ్లం ఉంటుంది, కొన్నింట్లో క్షారం. టెస్ట్ చేసిన నీళ్లు సింకులో పోయండి, అలవాటుగా ట్యాంకులో పోసినవాళ్లు కూడా ఉన్నారు. ట్యూబులు కుళాయి నీళ్లతో కాదు, ఆర్వో నీళ్లతో కడగండి.

అంటే ఈ నెల మీరు కొనేది: రిఫ్రాక్టోమీటర్, 35 ద్రావణం, టీడీఎస్ పెన్ను, నమ్మకమైన థర్మామీటర్, అమ్మోనియా. పాత కిట్టు తేదీ బాగుంటే అమ్మోనియా కూడా వద్దు. నైట్రేట్ వచ్చే నెల. కేహెచ్, ఫాస్ఫేట్ కోరల్స్ ముందు. షాపాయన ఏమన్నా అనుకుంటాడని మొహమాటపడకండి, ఆర్నెల్లలో ఎటూ అక్కడే కొంటారు.

ముందు ఒక పని చేసి చెప్పండి. మీ ఇంటి ఆర్వో వెనక మూత తీసి రాగి కార్ట్రిడ్జ్ ఉందో లేదో చూడండి. పెన్ను వచ్చాక కుళాయి దగ్గరొకసారి, పొర నుంచి వచ్చే పైపు దగ్గరొకసారి కొలిచి రెండు అంకెలూ ఇక్కడ రాయండి. డీఐ గొట్టం ఎంత సైజుది తీసుకోవాలో అప్పుడు చెబుతాను.